ఇరవైకి ఇరవై

జన్యుశాస్త్రం పేపర్లో అది చివరి పాఠం. జబ్బు రాకముందే అది వస్తుందో రాదో చెప్పే పరీక్షలు, వాటిలోని మంచిచెడ్డలు. పుస్తకంలో పేజీన్నర, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పాతబస్తీలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ చెప్పేదాన్ని. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినదాన్ని. నోటి దురుసు ఎక్కువ, నాలా ఎవరూ చెప్పలేరన్న పొగరు అంతకంటే ఎక్కువ. నాలుగు పాయింట్లు బట్టీ పట్టించి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"ఎవరింటి వంశవృక్షం వాళ్లు గీసుకురండి," అన్నాను. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, జబ్బున్నవాళ్లకు లోపల నలుపు. షుగరో ఉబ్బసమో, ఏదైనా సరే.

మర్నాడు వచ్చిన కాగితాల్లో ఒకటి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. గౌలిపురలో పాలు పోసే ఇంటి పిల్లది. రెండో బెంచీలో కూర్చుని, పాఠం వింటూ వేళ్లతో బల్ల మీద చిన్నగా దరువు వేసేది. రికార్డులో ఎప్పుడూ ఇరవైకి పదమూడు దాటేది కాదు. ఈ కాగితంలో మాత్రం ముత్తాత, తాత, మేనత్త, నాన్న, ఏ తరమూ వదలకుండా నలుపు కిందికి దిగుతూ వచ్చింది. పక్కన "చేతులు కాళ్లు ఊగుడు, నలభై లోపల మొదలు" అని రాసుంది. పుస్తకంలో కూడా అంత చక్కటి ఉదాహరణ లేదు.

దాన్ని బోర్డు మీదికి ఎక్కించాను. ఎవరిదో చెప్పలేదు. అంతమాత్రానికే గోప్యత పాటించానని మురిసిపోయాను. ఆ పిల్లే లేచి నిలబడింది, మొహం వెలిగిపోతూ.

"మాదే మేడం అది. అంటే ఇది రక్తంల వచ్చే బీమారేనా? మా బాపు పాలు పోస్తుంటే చెయ్యి ఊగి కింద ఒలుకుతయి. పొద్దుగాల్నే తాగిండని గల్లీల అందరు నవ్వుతరు. మా తాతను గూడ గట్లనే అన్నరంట. మా బాపు ఎన్నడు సుక్క ముట్టలే మేడం."

"తాగుడు కాదమ్మా, ఇది వంశంలో వచ్చేదే," అన్నాను.

అక్కడ ఆగాల్సింది. పాఠం ఊపులో ఉన్నాను. బోర్డు వైపు తిరిగి, "తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ వచ్చే అవకాశం సగం," అంటూ నాన్న గడి కింద ఉన్న సున్నాలో ప్రశ్నగుర్తు వేశాను.

వేసి ఇటు తిరిగేసరికి క్లాసులో ఎవరూ ఆ సున్నా వైపు చూడడం లేదు. ఆ పిల్ల వైపు చూస్తున్నారు. ఆమె బెంచీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

ఆ గంటలో నేను చెప్పాల్సిన తరువాతి పాయింటు, తెలుసుకోకుండా ఉండే హక్కు. సిగ్గులేకుండా అదీ చెప్పాను.

పది రోజులు ఆమె కాలేజీకి రాలేదు. వచ్చిననాడు నేరుగా ల్యాబుకొచ్చి, "నాకు ఆ పరీక్ష చేపియ్యుండ్రి మేడం. ఇంట్ల ఎర్క కావొద్దు," అంది.

డాక్టరైన నా స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్లాను. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సు మూసీ దాటుతున్నంతసేపూ ఆమె రెండు చేతులూ ఒళ్లో ముడిచి పెట్టుకుంది. డాక్టరు ఆమెను మూడుసార్లు పిలిపించుకుని కూర్చోబెట్టి చెప్పింది: దీనికి మందు లేదు, తెలుసుకున్నా ఆపలేం, ఆలోచించుకో అని. మూడోసారి ఆ పిల్ల రక్తం ఇచ్చింది. తీరా ఫలితం వచ్చాక తీసుకోవడానికి వెళ్లనంది. కవరు నాకే ఇవ్వమని డాక్టరుకు చీటీ రాసి పంపింది.

"మీ తాన పెట్టుకోండ్రి మేడం. నేను అడిగితెనే ఇయ్యుండ్రి. మీరు గూడ చూడొద్దు."

"అడగకపోతే?"

"అడగకపోతే గంతే. దినాం దాని ఫికర్ తోటి నేను బతకలేను."

అంటించిన ఆ కవరును ల్యాబు బీరువాలో, ఫార్మలిన్ సీసాల వెనక పెట్టాను. ఆ రోజు నుంచి నా కళ్లు ఆమె చేతుల మీదే. దరువు వేస్తే గుండె దడ, వేయకపోతే ఇంకా దడ. ప్రాక్టికల్స్‌లో అందరి చేతిలోనూ స్లైడ్లు పగిలేవి. ఆమె చేతిలో పగిలినదే నాకు వినిపించేది. నలభై లోపల అంటే ఇంకా బోలెడు టైముందని తెలిసీ, ఇరవై ఏళ్ల పిల్ల వేళ్లను దొంగచూపులు చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లాక కవరు ఆవిరికి పట్టి విప్పాను. రేపు అడిగితే ఎలా చెప్పాలో ముందే తెలిస్తే మంచిదని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా భయం నేను భరించలేకపోయాను, అంతే.

ఉంది. వాళ్ల నాన్నకు ఉన్నదే ఈమెకూ ఉంది.

మళ్లీ అంటించి, సీసాల వెనక్కి నెట్టాను. ఎవరూ పోల్చుకోలేరు. ఆ పిల్ల ఎప్పటికీ అడక్కుండా ఉంటే బాగుండునని ఆ సాయంత్రం దణ్ణం పెట్టుకున్నాను.

ఆ వారమే రికార్డులు దిద్దాను. ఆమె రికార్డులో బొమ్మలు వంకర, పేర్లు తప్పులు, బొద్దింక సగంలోనే ఆగిపోయింది. ఎర్ర పెన్ను దాని మీద ఆడలేదు. ఇరవైకి ఇరవై వేశాను. ఆ క్షణంలో ఆ పిల్లకు నేనేదో మేలు చేస్తున్నట్టే అనిపించింది.

రికార్డు తీసుకోవడానికి వచ్చింది. పేజీ తిప్పి మార్కులు చూసుకుంది. తరువాత చాలాసేపు బొద్దింక బొమ్మ చూసింది.

"ఇది సగమే గీసిన మేడం."

"బాగానే ఉందిలే అమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, మెత్తగా వినిపించింది. అంతకుముందు ఆ పిల్లతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు.

ఆమె నా మొహంలోకి చూసింది, తరువాత బీరువా వైపు. రికార్డు మూసి చంకలో పెట్టుకుంది.

"గా కవరు చింపెయ్యుండ్రి మేడం. ఇగ అడగ."