అత్తయ్య గురువారాలు

ఈ మధ్యాహ్నం గుంటూరు నుంచి ఒంగోలు వస్తుంటే, చిలకలూరిపేటలో ఎక్కిన ఒకావిడ నా పక్కన ఖాళీ చూసి, "ఇక్కడెవరన్నా వస్తారా అండీ?" అని అడిగింది. లేదని తలూపితే సరిపోయేది. నేను ఆవిడ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాను. ఏడెనిమిదేళ్ళ కిందట ఒంగోలు బస్టాండులో సరిగ్గా ఆ మాటే ఎవరో మా అత్తయ్యను అడిగారు. ఆమె చెప్పిన జవాబు విన్న క్షణానే నాకు ఆమెను చూసి మొదటిసారి భయం వేసింది.

ఆ రోజు పిల్లాడికి టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్తూ, దారే కదా అని అత్తయ్యతో బస్టాండు దాకా నడిచాను. కొత్తపట్నం బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. అత్తయ్య తొణకకుండా భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి సీటు మీదకు విసిరింది. అది మామూలే. ఆ తర్వాత ఎక్కి కూర్చుని, సంచిలోంచి ఇంకో తువ్వాలు తీసి పక్క సీటు మీద కూడా వేసింది. నేనూ వస్తున్నాననుకుందేమోనని, కిటికీ దగ్గరకు వెళ్ళి చెప్పబోయాను. ఈలోగా ఎరువుల సంచి మోసుకుంటూ వచ్చినాయన, "పెద్దమ్మా, ఇక్కడెవరన్నా వస్తారా?" అని అడిగాడు.

"వస్తారు బాబూ. మా ఆయన. టీ తాగడానికి దిగారు," అంది అత్తయ్య.

మామయ్య పోయి అప్పటికి మూడేళ్ళు.

అత్తయ్య ముప్పై ఏళ్ళు ఒక మిషన్ బడిలో ఆడపిల్లల బోర్డింగుకు వంట చేసింది. మామయ్య పొగాకు గ్రేడింగ్ షెడ్డులో మేస్త్రీ. ఆయన ఉన్నన్నాళ్ళూ అత్తయ్య ఒంటరిగా బస్సెక్కింది లేదు. బస్సు పూర్తిగా ఆగకముందే మామయ్య తువ్వాలు విసిరేవారట, గురి తప్పేది కాదట. కానీ కిటికీ పక్కన కూర్చునేది మాత్రం ఆయనే. గాలి తగలకపోతే ఆయనకు కడుపులో తిప్పేది. "నలభై ఏళ్ళు మీ మామయ్య చెవి చూస్తూ ప్రయాణం చేశానమ్మాయ్. ఊళ్ళన్నీ ఆ చెవి వెనకాలే పోయాయి," అనేది అత్తయ్య. ఆ మాట ఆయన ఉండగా ఎప్పుడూ అనలేదు.

ఆయన పోయి ఏడాది దాటాక, ఒక గురువారం పొద్దున వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన తువ్వాలు భుజాన ఉంది, చేతిలో సంచి, సంచిలో మంచినీళ్ళ సీసా. "కొత్తపట్నం దాకా పోయొస్తా," అంది. అక్కడెవరున్నారు అత్తయ్యా అన్నాను. "సముద్రం ఉందిగా," అంది. గురువారమే ఎందుకంటే, బోర్డింగులో వంటవాళ్ళకు సెలవు గురువారం మధ్యాహ్నమే. అన్నేళ్ళూ ఆ పూట ఇంటికొచ్చి బట్టలుతికిందట.

అప్పటినుంచి ప్రతి గురువారం ఎక్కడికో ఒకచోటికి. గుడీ కాదు, చర్చీ కాదు, చుట్టాలిల్లూ కాదు. సాయంత్రానికి ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, నేను కూర తరుగుతుంటే పక్కన పీట వేసుకుని ఆ రోజు సంగతులు చెప్పేది. కొత్తపట్నంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు వల మీద కూర్చోబెట్టి, "ఎవరి తాలూకమ్మా?" అని అడిగారట. "ఎవరి తాలూకూ కాదు, ఊరికే వచ్చా," అంటే వాళ్ళు నవ్వి, కాల్చిన చేప ఆకులో పెట్టి ఇచ్చారట. మా ఆయన పని చేసే చీమకుర్తికి ఆయనకు కూడా చెప్పకుండా వెళ్ళొచ్చింది ఒకసారి. అక్కడ రాళ్ళు కోసే షెడ్డు బయట, తెలుగు రాని పనివాడొకడు ఆమె ఆగి చూడటం గమనించి, నిలబెట్టి ఉన్న నల్లరాయి పలక మీద చెంబుడు నీళ్ళు కొట్టాడట. "తలనించి కాళ్ళదాకా ఒక్కసారే కనపడ్డానమ్మాయ్. మనింట్లో అద్దంలో ముఖం తప్ప పట్టదుగా. ఇంత పొట్టిదాన్నని ఇప్పుడే తెలిసింది," అంది. మాఘమాసంలో తన బోర్డింగు పిల్ల ఒకామెను చూడటానికి పొద్దున్నే బయలుదేరి సత్తెనపల్లి వెళ్ళింది. ఆ పిల్ల ఊళ్ళో లేదు. అందుకు బాధపడిందేమోననుకున్నాను. కానీ ఆమె చెప్పిందల్లా, మిరపకాయలు ఎండబోసిన కళ్ళాల పక్కనుంచి బస్సు వెళ్తున్నప్పుడు లోపలున్నవాళ్ళంతా ఒకేసారి తుమ్మడం గురించే. డ్రైవరు కూడా తుమ్మి బస్సాపాడట. ముక్కూ ముఖం తెలియని నలభైమంది ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారట. రెండు రోజులు అదే చెప్పింది.

నేను బి.ఎస్సీ. చదివాను. ఆవిడ సంతకం వరకే. కానీ ఆ సాయంత్రాలు నాకు ఆమెను చూస్తే అసూయగా ఉండేది. నాకేమో అన్నిటికీ భయమే. పిల్ల స్కూలు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే సందు చివర నిలబడేదాన్ని. అత్తయ్య బయలుదేరుతుంటే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఇచ్చేదాన్ని. "నేనేమన్నా ఉత్తరాన్నా, పైన అడ్రసు రాయడానికి?" అని పక్కన పెట్టేసేది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని పర్సు అడుగున దోపేదాన్ని.

రెండో తువ్వాలు సంగతి మా ఆయనకు చెప్పలేదు. ఈ ఒక్క మాట రాయడానికే పిల్లలు పడుకున్నాక కాగితాలు ముందేసుకున్నాను. చెబితే ప్రయాణాలు మానిపిస్తారని తెలుసు. అవి మానితే ఆమెకు ఏం మిగులుతుందో కూడా తెలుసు. ఏదో పరధ్యానంలో అని ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం క్షేమంగానే వచ్చింది. తర్వాతి రెండు గురువారాలూ వచ్చింది. కబుర్లు మాత్రం తగ్గాయి. చెప్పిందే చెప్పేది. అదీ చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మూడో గురువారం దీపాలు పెట్టే వేళకు కూడా రాలేదు. సెల్‌ఫోన్లు ఇంకా మా ఇంటికి రాని రోజులు. పిల్లల్ని పక్కింట్లో కూర్చోబెట్టి, బస్టాండుకు పరుగెత్తుదామని చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగింది. బస్టాండు ముందు ఎస్టీడీ బూత్ నుంచి ఒక కండక్టరు.

"మామ్మగారొకరు పదకొండింటి నించి మా కొత్తపట్నం బస్సులోనే ఉన్నారండి. అక్కడా దిగరు, ఇక్కడా దిగరు. దిగండి మామ్మగారూ అంటే, ఆయన్ని రానీ బాబూ అంటున్నారు. ప్రతిసారీ టిక్కెట్టు తీసుకుంటూనే ఉన్నారు. పర్సులో ఈ చీటీ కనపడితే చేశాను. కంగారు పడకండి, టీ ఇప్పించాను," అన్నాడు.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన వెళ్ళి ఆటోలో తీసుకొచ్చారు. ఆమె జుట్టంతా రేగి ఉంది, పెదవుల మీద ఉప్పు. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఇవాళ సముద్రం నాలుగుసార్లు చూశా. నాలుగుసార్లూ కొత్తగానే ఉంది."

మా ఆయన కుళాయి దగ్గరకు వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నారు.

అన్నాలయ్యాక, "రేపటినించి గేటుకు తాళం వేద్దాం," అన్నారు.

"వద్దండీ. బోర్డింగులో పిల్లల గేటుకు తాళం వేసిన మనిషి ఆవిడ. చూడగానే అర్థమైపోతుంది."

"మరేం చేద్దామంటావ్? అమ్మ వెనకాలే బస్సుల్లో తిరగమంటావా?"

"బస్సులు సమ్మె అని చెబుదాం," అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఆయన సరేనన్నారు.

వారం పది రోజులు గడిస్తే చాలనుకున్న ఆ అబద్ధం ఐదేళ్ళు నడిచింది. మొదట్లో గురువారం గురువారం, తర్వాత వారాలు కలిసిపోయి ఏ పొద్దయితే ఆ పొద్దు, అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, "బస్సులు తీశారా అమ్మాయ్?" అని అడిగేది. ఇంకా లేదత్తయ్యా అనేదాన్ని. ఆమెకు నామీద కోపం రాలేదు, సమ్మె చేసేవాళ్ళ మీద జాలి కలిగింది. సాయంత్రం ప్రార్థనలో మా అందరి పేర్లూ అయ్యాక, "ఆ డ్రైవర్లకీ కండక్టర్లకీ పిల్లాజెల్లా ఉంటారు ప్రభువా, వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగేట్టు చూడు," అనేది. మేం కళ్ళు మూసుకుని ఆమెన్ అనేవాళ్ళం. ఒకసారి ఉండబట్టలేక, సమ్మె ఆపారని చెప్పి, పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని నేనే కొత్తపట్నం తీసుకెళ్ళాను. ఎంత చెప్పినా కిటికీ పక్కన కూర్చోలేదు. పిల్లతల్లివి, గాలి తగలాలి అని నన్ను కూర్చోబెట్టింది. దారిపొడుగునా పిల్లాడికి ఆకలేస్తోందేమో చూడమంది. సముద్రం ముందు నిలబడి, పొయ్యి మీద పాలున్నాయి, పోదాం పద అంది. నేను పక్కనుంటే ఆమె మళ్ళీ వంటమనిషే. ఇంకెప్పుడూ తీసుకెళ్ళలేదు. ఆమె పోయే ముందు వారం కూడా, మంచం మీదనుంచి అడిగింది, తీశారా అని.

ఆమెను క్షేమంగా ఉంచానని అందరూ అంటారు. నిజమే, ఉంచాను.

సమ్మె అనుకున్న మర్నాడు పొద్దున, పిల్లకు జడ వేస్తూ, పిల్లాడికి ఇడ్లీ పెడుతూ, అత్తయ్య పెరట్లో ఉన్నప్పుడు ఇద్దరికీ గొంతు తగ్గించి చెప్పాను. నాయనమ్మ అడిగితే బస్సులు సమ్మె అని చెప్పాలని. పిల్లాడికి నాలుగేళ్ళు, వాడు సరేనన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్ల ఊరుకుంటుందా.

"అబద్ధం కదమ్మా? సండే స్కూల్లో చెప్పకూడదన్నారు."

"నాయనమ్మ తప్పిపోకుండా ఉండటానికి చెబుతున్నాం."

"మన సందు చివర నించే పోతాయిగా బస్సులు. హారన్ వినపడదా?"

"ఖాళీ బస్సులు షెడ్డుకు పోతున్నాయని చెప్పు."

అది రిబ్బను నా చేతికి అందించింది. "అయితే నాయనమ్మకి ఇంకెప్పటికీ బస్సుల్లేవా?"

జడ చివర రిబ్బను ముడి వేసి, పిల్లను నావైపు తిప్పుకున్నాను. "లేవు అనొద్దమ్మా. ఎప్పుడడిగినా, ఇవాళ లేవు అని చెప్పండి," అన్నాను.