నాయనమ్మ చేతిమీద మిక్సీ

మాదాపూర్‌లో మా ఆఫీసు కింద టాటూ దుకాణం పెట్టారు. అద్దం మీద అతికించిన డిజైన్లలో మా నాయనమ్మ చేతిమీది తేలు, చుక్కలు అచ్చం అలాగే ఉన్నాయి. లోపలి నుంచి స్పిరిట్ వాసన.

"సచ్చినంక బంగారం రాదు, పట్టుచీర రాదు బిడ్డా. పచ్చబొట్టొక్కటే మనెంట వస్తది," అనేది నాయనమ్మ.

నా చిన్నప్పుడు ఆమెకు కంటి ఆపరేషన్ అనగానే పైకి పోతోందనే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే, చేతిమీద ఖాళీ ఉన్నచోటల్లా పెన్నుతో సామాను గీశాను: కళ్లజోడు, ఆకువక్కల డబ్బా, టీవీ రిమోటు, మిక్సీ. చివరికి రెండు జడలతో నన్ను.

బాలానగర్ దవాఖానలో నర్సు స్పిరిట్ దూది పట్టుకొని ఆగిపోయింది.

"ఏందవ్వా గిదంత?"

"పైన నాయనమ్మకు అక్కరొస్తయి గద!" అన్నాను నేను.

నాయనమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. తర్వాత నా బొమ్మ మీద వేలు పెట్టింది.

"మొదలు దీన్ని తుడువమ్మా, జర గట్టిగ తుడువు. మిక్సీ ఉంటే ఉండనీ."

నాకంటే మిక్సీయే ఎక్కువైందని ఇల్లు చేరేదాకా ఏడ్చాను. ఆ మిక్సీ మీద కోపం తగ్గడానికి నాకూ ఒక కూతురు పుట్టాల్సి వచ్చింది.