గోడ దాటని ఛానల్

వీధిలో అందరూ ఆమెని రిమోటక్క అనేవాళ్లు. చెడిపోయిన టీవీలూ, మొండికేసిన రిమోట్లూ బాగుచేసే కొట్టు ఆమెది. ఆమె చెయ్యి పడితే చచ్చిన టీవీ కూడా లేచి కూర్చుంటుందని పేరు. అలాంటి మనిషి కన్నతల్లి చేత నాలుగు చెంచాల జావ తాగించలేక వంటింట్లో కూర్చుని ఏడుస్తోందంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

తల్లికి మతిమరుపు జబ్బు. మొదట తాళాలు మర్చిపోయింది, తర్వాత వారాలు, ఆఖరికి కూతుర్నే మర్చిపోయింది. గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వెళితే "ఎవరే నువ్వు? ఏం కలిపావు అందులో?" అని చేతి మీద కొట్టేది. జావంతా దుప్పటి పాలయ్యేది. మనిషి ఎముకల గూడైపోయింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు. పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టాలని కూడా అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ కూతురికీ ముద్ద దిగడం మానేసింది.

తల్లి నమ్మేది ఒక్క టీవీనే. లేచింది మొదలు రిమోట్ గుప్పిట్లో పెట్టుకుని ఛానళ్లు తిప్పుతుంది. వార్తలు చదివే అమ్మాయి నమస్కారం అంటే తిరిగి నమస్కారం పెడుతుంది. ఒకరోజు తెర మీద ఎవరో ఆవిడ "మంచినీళ్లు ఎక్కువ తాగండి" అంది. తల్లి బుద్ధిగా పక్కనున్న గ్లాసెత్తి గటగటా తాగేసింది.

గుమ్మంలోంచి చూస్తున్న కూతురు ఆ సాయంత్రమే అన్నయ్యకి ఫోన్ చేసింది. "నేను టీవీలోకి వెళ్తాను."

అన్నయ్య బస్సు డ్రైవరు. "అమ్మకి పోయిన మతి నీకూ పోయిందా? ఏదో వైరు తగిలించి నీ బొమ్మ చూపించరాదూ?"

"కొత్త వైరు కనిపిస్తే అమ్మ బతకనిస్తుందా? మొన్న టీవీకి తగిలించిన కొత్త పెట్టెని కిటికీలోంచి విసిరేసింది. దొంగలు చెవులు పెట్టారంది. మిగతా ఛానళ్లలాగే నాదీ గాల్లోంచి రావాలి. తిప్పుతుంటే తగలాలి."

వాళ్ల నాన్న స్నేహితుడొకాయన ఓడల్లో రేడియో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. అందరికీ వైర్‌లెస్ మావయ్యే. సంగతంతా విని ఆయన తల గోక్కున్నాడు. "అమ్మడూ, అనుమతి లేకుండా గాల్లోకి ఏదీ వదలకూడదు. నీ గుమ్మం దాటిందా, ఇద్దరం ఊచలు లెక్కపెట్టాలి."

"మంచం దాకా చేరితే చాలు మావయ్యా. ఆపైన అంగుళం కూడా వద్దు."

"సరే, పద," అంటూ ఆయన చెప్పులేసుకున్నాడు.

మెట్ల కింద పాత సామాన్ల గది ఖాళీ చేశారు. అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు, దానికి గోరంత కెమెరా, ఒక మైకు. బొమ్మనీ మాటనీ కుదించి టీవీ భాషలోకి మార్చడం కంప్యూటర్ పని. దాన్ని గాల్లోకి పంపడానికి పక్కన ఇంకో చిన్న బోర్డు, జానెడు తీగ. చెప్పుకోవడానికి అంతే. పరీక్షకని కొట్లోంచి తెచ్చిన టీవీ మాత్రం ఎన్నిసార్లు వెతికించినా "సిగ్నల్ లేదు" అనే ఒక్క మాటే అప్పగించేది.

పాత టీవీలు నయం, బలం లేని సిగ్నల్‌కి చుక్కలైనా చూపించేవి. డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు. వస్తే నిండుగా వస్తుంది, లేకపోతే నల్ల తెర. ఆ నల్ల తెరలో ఆమెకి తన మొహమే కనిపించేది. కొట్టు మూతపడింది. జనం తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయారు. పక్కగదిలో తల్లి గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. "సోమవారం తీసుకొచ్చెయ్యండి, గొట్టం వేసేద్దాం," అని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆ రోజు ఆమె బోర్డుని గోడకేసి కొట్టబోతే మావయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని కొట్టి ఏం లాభం? బొమ్మ తయారవడం ఆలస్యమైనప్పుడల్లా మధ్యలో ఖాళీ వస్తోంది. టీవీకి ఖాళీ పనికిరాదు. బోగీల్లో జనం ఎక్కకపోయినా రైలు టైముకి కదలాల్సిందే. ఖాళీ బోగీలైనా తగిలించు."

బొమ్మ సైజు తగ్గించింది. మధ్య మధ్య ఏమీ లేని డొల్ల ప్యాకెట్లు కలిపింది. వేడెక్కి మొరాయిస్తున్న కంప్యూటర్‌కి చిన్న ఫ్యాను పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం తల్లి టీవీ జాబితాలో కొత్త ఛానల్ చేరింది. మావయ్య మీటరు పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగొచ్చి, వీధిలోకి ఏమీ రావడం లేదన్నాడు.

కానీ ఆమె మాట గోడలోంచి ముందు వినిపించేది. అదే మాట టీవీలోంచి రెండు మూడు క్షణాలు ఆలస్యంగా వచ్చేది. తల్లి భయపడి దుప్పటి ముసుగేసుకుంది. ఇంట్లో ఉన్న పరుపులన్నీ మెట్ల గది తలుపుకి అడ్డం పెట్టి, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ గుసగుసగా మొదలుపెట్టింది కూతురు. తల్లి ఏమంటుందో వినడానికి ఆ గదిలో ఒక ఫోన్ దాచి, ఇంకోటి తన చెవికి తగిలించుకుంది.

"నమస్కారం అమ్మగారూ. స్టూలు మీద జావ ఉంది. చల్లారిపోతుంది, తాగెయ్యండి."

చాలాసేపటికి ఫోన్లో చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. పరుపులో మొహం పెట్టి ఏడ్చిందామె. సోమవారం ఆసుపత్రికి వెళ్లలేదు.

అలా రోజులు నడిచాయి. ఒక మధ్యాహ్నం తల్లి చెంచా కింద పెట్టి తెర వైపు వంగింది. "అమ్మాయ్, నువ్వు ఊరందరికీ కనిపిస్తావు కదా. మా పిల్ల ఎక్కడికో పోయింది. ఎవరికైనా కనిపిస్తే ఇంటికి రమ్మని చెప్పవూ? నాకిక్కడ ఎవరూ లేరు."

కూతురికి ఒళ్లు తెలియలేదు. "అమ్మా, నేనేనే! ఇక్కడే ఉన్నానే, నీ పక్కనే!" అని అరిచేసింది.

ఫోన్లో రిమోట్ నొక్కిన చప్పుడు. తర్వాత వేరే ఛానల్ పాట. ఆ రోజు, ఆ మర్నాడు, తల్లి ఆ ఛానల్ వైపు రాలేదు, జావ ముట్టుకోలేదు. కూతురు కెమెరా ముందు నుంచి లేవలేదు. ఎవరూ చూడని తెర మీద నమస్కారం పెడుతూ కూర్చుంది. అన్నయ్య వచ్చి, "లేవవే, నువ్వూ పోతావు," అని జబ్బ పట్టుకుని లాగాడు. విదిలించుకుంది.

మూడో రోజు తల్లి ఛానళ్లు తిప్పుతూ తిప్పుతూ మళ్లీ ఆ ఛానల్ దగ్గర ఆగింది; ఫోన్లో కూతురికి తన గొంతే వినిపించింది.

"అమ్మగారూ," అంది కూతురు. "మీ అమ్మాయి కనిపించింది. బాగానే ఉంది. మీరు తిన్నారా అని అడిగింది."

"అడిగిందా?" తల్లి గొంతులో ఎన్నాళ్లకో ప్రాణం వచ్చింది. "తింటున్నానని చెప్పు. ఎండలో తిరగొద్దని చెప్పు. అసలే దానికి తలనొప్పి."

అప్పట్నుంచి ఆమె తనకీ తన తల్లికీ మధ్య కబుర్లు మోసింది. తలనొప్పి తగ్గిందా అని తల్లి అడిగితే, తగ్గిందట అని తెర మీంచి చెప్పేది. తర్వాత పరుపులు తోసుకుని గిన్నె తియ్యడానికి వెళితే, "పనమ్మాయీ, టీవీకి అడ్డం రాకు," అనిపించుకుని వచ్చేది. తల్లికి కాస్త ఒళ్లు పట్టిందని డాక్టరు మెచ్చుకున్నాడు.

చలి మొదలయ్యాక తల్లి చేతులు వణికాయి. అన్నయ్య డ్యూటీ మార్పించుకుని వచ్చి చెంచాతో పట్టేవాడు. టీవీలో ఆవిడ చెప్పిందంటే తల్లి నోరు తెరిచేది. ఒక పొద్దున కూతురు ఎప్పట్లాగే మాట్లాడుతోంది. "మీ అమ్మాయి అడిగింది, ఇంకొక్క చెంచా తాగమంది." చెవిలో అన్నయ్య గొంతు వినిపించింది.

"చెల్లీ, ఇక చాలమ్మా. అమ్మ ఇంక తాగదు. బయటికి రా."

ఆమె వచ్చేసరికి అన్నయ్య జావగిన్నె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె మంచం మీద కూర్చుని తల్లి గడ్డానికంటిన జావ కొంగుతో తుడిచింది. ఈసారి చేతి మీద దెబ్బ పడలేదు.