మా అత్త గిరక దండెం

మా మేనత్త పోయిందన్న వార్త నాకు చేరిన తీరు ఇది. పట్నంలో కాలేజీ హాస్టలు మెట్ల మీద కూర్చుని తోటి విద్యార్థులకు జీవిత పరమార్థం వివరిస్తున్నాను. పొద్దెక్కింది గానీ నేనింకా పళ్లు తోముకోలేదు. అంతలో మా బండి తోలే పెద్దమనిషి మా ఊరు ఖాజాగూడ నుంచి ఎవరిదో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. దాన్ని గోడకు ఆనించి నా ముందు నిలబడ్డాడు.

"చిన్నయ్యా, మీ అత్తమ్మ గిరక తిరుగుతలేదు."

"ఇంత ఆముదం పొయ్యుండ్రి. దానికి నేనెందుకు?" అన్నాను.

నా ప్రతి మాటకూ నవ్వే మనిషి, ఈ మాటకు నవ్వలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

గిరక తిరగకపోవడం అంటే ఏమిటో మా ఊరివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పాఠకులకు చెప్పాలి. చెబుదామని కూర్చుంటే కుదురు చిక్కడం లేదు. ఈ కాగితం ముందు నుంచి లేచి కిటికీ దాకా పోయి రావడం ఇప్పటికి ఎన్నోసారో. మా అత్త చూస్తే "కూసుంటే కూసో, పోతే పో. నడిమిట్ల గీ తిరుగుడేంది?" అనేది. అలా అనే మనిషికే ఆ తిరుగుడు అందరికంటే ఎక్కువ.

మా నాయనకు ఆమె అక్క. తెల్లాపూర్ ఇచ్చారు. మా మామ పోయాక తమ్ముడింటికి వచ్చి, ఊళ్లో ఉన్న ఒకే ఒక మీది అర్రను, అంటే మా ఇంటి పైఅంతస్తులోని గదిని, ఎవరినీ అడక్కుండా ఆక్రమించింది. దానికి సందు వైపు పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి చెరువు కట్ట, మణికొండ బాట, చావడి, ఎవరింట్లో ఏ కూర పొయ్యి మీద ఉందో ఆ పొగ, అన్నీ కనిపిస్తాయి. రోజుకు ఎన్నిసార్లు ఆ మెట్లు ఎక్కి దిగేదో, మెట్లకే తెలియాలి. ఒక వానాకాలం ఆ మెట్ల మీదే జారి పడింది. తుంటి విరిగింది. ఎముకలు కట్టే ఆయన కట్టు కట్టి, "ఇగ మెట్ల మాట మర్చిపో అవ్వా" అన్నాడు. సరే, మర్చిపోతాను గానీ మీదనే ఉండి మర్చిపోతాను అంది. నులక మంచంతో సహా తనను పైకి ఎత్తించుకుంది.

మా నాయనకు ఇది నచ్చలేదు. కింద ధాన్యం పోసే గోలేలు, గాదెలు ఉండే వెనక అర్ర ఉంది. దానికి కిటికీ లేదు. అందులోకి మారమన్నాడు.

"అండ్లకు పోతే నేను గూడ ఒక గోలెం లెక్కనే. మూతేసి పెడ్తవు," అంది అత్త.

"మరి మీదుంటే నీ పనులెట్లనే అక్కా? నీళ్లంటే తెచ్చిస్తం. నీ చీర ఎవరు పిండాలె, ఎవరు ఆరెయ్యాలె?"

ఇక్కడ మా అత్త పట్టింపు ఒకటి చెప్పాలి. తక్కిన బట్టలు చాకలికి వేసినా, స్నానం చేసి విడిచిన చీర మాత్రం తానే పిండుకోవాలి, తానే ఆరేసుకోవాలి. అది ఇంకొకరి చేతికి పోయిన రోజు మనిషి మంచాన పడినట్టేనని ఆమె లెక్క. మా నాయన ఆ లెక్కనే పట్టుకున్నాడు. "సరే, నీ చీర నువ్వు ఆరేసుకున్నన్ని రోజులు మీదుండు. అది చాతగాని నాడు కిందికి రావాలె." అత్త ఒప్పుకుంది. తమ్ముడు పందెం గెలిచానని నవ్వుకుంటూ మెట్లు దిగాడు. చీర ఆరాలంటే ఎండ కావాలి, ఎండ కింద పెరట్లో ఉంది.

కానీ ఎండ సందులో కూడా ఉంది. అదీ కిటికీకి ఎదురుగానే.

ఇంటి వెనక పూడిపోయిన బావి తాలూకు గిరకలు రెండు పశువుల కొట్టంలో పడి ఉండేవి. ఒకటి తెప్పించి కిటికీ మీది దూలానికి వేలాడదీయించింది. సందుకు అవతల ఇల్లు లేదు, ఏనుగంత రాతి గుండు ఉంది. మా ఊళ్లో మనుషుల కంటే గుండ్లే ఎక్కువ. దాని పగులులో రాళ్లు కొట్టే ఆయన చేత ఇనప గూటం దిగ్గొట్టించి, రెండో గిరక దానికి కట్టించింది. రెండింటి మీదుగా చేంతాడు వేసి, కొసలు కలిపి ముడి బిగించింది. తాడు పేటలు విప్పి సందు చేసి చీర అంచు అందులో చెక్కితే గాలికి పోదు. తాడు ఒక వైపు గుంజితే చీర కిటికీలోంచి బయలుదేరి సందు నట్టనడుమ దాకా నడిచిపోతుంది. రెండో వైపు గుంజితే వెనక్కి నడిచి వస్తుంది. మా ఊరికి రైలు లేదన్న లోటు ఆ రోజుతో తీరింది.

రెండో రోజే ఆ రైలుకు అడ్డం వచ్చినవాడు, ఊరి పెత్తనం చేసే పటేలు.

మా వైపు ఆరేసిన ఆడవాళ్ల చీర కింద నుంచి మగవాళ్లు నడవరు. ఆయుష్షు తగ్గుతుందని కొందరంటారు, మర్యాద తగ్గుతుందని కొందరంటారు. పటేలుకు రెండో భయం ఎక్కువ. ఆయన ఇల్లు సందు లోపల, చావడి సందు బయట. మధ్యలో మా అత్త చీర.

"ఏందక్కా గిది?" అన్నాడు తలెత్తి.

"చీర."

"చీరని నాకు తెల్వదా? తోవ మీద ఎందుకున్నది?"

"ఎండ తోవ మీదనే ఉన్నది పటేలా. నా అర్రల ఉంటే అండ్లనే ఆరేసుకుందును."

"మొగోళ్లు నడిచే తోవ ఇది. బతికున్నంత కాలం నేనైతే దాని కిందికెళ్లి పోను!"

ఆ రోజు ఆయన వెనక్కి తిరిగి, చెరువు చుట్టూ బురదలో నడిచి చావడికి చేరాడు. చేరగానే పంచాయితీ పెట్టించాడు. అత్త దిగలేదు కాబట్టి పంచాయితీయే మా సందులోకి వచ్చింది. అత్త ఆ రోజు తనకున్న వాటిలో అన్నిటికంటే పెద్ద చీర ఎంచి మరీ ఆరేసింది. దాని కింద ఎవరూ నిలబడరు కాబట్టి పెద్దమనుషులు సగం మంది ఇటు, సగం మంది అటు అయ్యారు. ఒకరి మాట ఒకరికి వినాలంటే చీర మీదుగా అరవాలి. మా నాయన ఎటూ కాకుండా దర్వాజలో నిలబడ్డాడు. దండెం తెగితే గెలిచేది ఆయనే. అయినా మొహంలో గెలిచే కళ లేదు.

సెలవులకు వచ్చిన నేను అత్త పక్షాన వకీలుగా లేచాను. "పెద్దలారా! నేల సర్కారుది. తోవ ఊరిది. మరి ఆకాశం ఎవరి పట్టా?" అని అడిగాను. నాలుగు మాటలకే పెద్దమనుషులు మొహాలు గంటు పెట్టుకున్నారు. తాడు కోసెయ్యాలని అటు సగం, ఇటు సగం ఒక్కటవుతున్నాయి.

"నువ్వు జర నోరు మూసుకో బిడ్డా," అంది పైనుంచి నా కక్షిదారు. కిటికీలో ఆమె చేతులు అప్పటికే తాడు మీదికి పోయాయి.

"పటేలా, కొయ్యద్దు. మీరు వచ్చినప్పుడల్ల ఒక్క పిలుపు పిలువుండ్రి. నేను గుంజుకుంట. మీరు పోయినంక మల్ల ఇడుస్త. తోవ మీది, ఎండ నాది."

చెప్పి ఊరుకోలేదు. గుంజి చూపించింది. కీచుమంటూ గిరక తిరిగింది, చీర కిటికీలోకి పోయింది. రెండు సగాల మధ్య ఉత్త ఎండ మిగిలింది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పటేలు తప్ప.

ఆ రోజు నుంచి మా ఊరి మగవాడు ఎవడైనా సందులోకి వస్తే "అవ్వా, గుంజు!" అని కేక వేయాల్సిందే. అత్త ఊరికే గుంజేది కాదు.

"యాడికి?"

"చేనుకాడికవ్వా."

"చేను అటుంటే ఇటు పోతున్నవేంది? కల్లు దుకానమా?"

"గుంజవ్వా నీకు పుణ్యముంటది..."

కొందరు ఈ విచారణ తట్టుకోలేక చెరువు చుట్టూ తిరిగి పోయేవాళ్లు. ఆడవాళ్లకు ఏ పిలుపూ అక్కర్లేదు. బిందెలతో చీర కిందనుంచి నవ్వుకుంటూ పోయేవాళ్లు.

పటేలు మాత్రం పిలవలేదు. కింద నిలబడి దగ్గేవాడు. అత్త దండెం వంక చూసేది కాదు. ఆయన మళ్లీ దగ్గేవాడు.

"ఎవరికో పడిశం వట్టినట్టున్నది," అనేది ఆమె గోడతో.

"నేనక్కా!"

"నువ్వా? దగ్గుకు గిరక తిరగదు పటేలా. మాటకు తిరుగుతది."

ఎన్నాళ్లు దగ్గాడో గానీ ఒక పొద్దున, చావడిలో ఎవరో పెద్ద అధికారి వచ్చి కూర్చున్నాడని కబురు వచ్చినప్పుడు, సందంతా వినేలా అన్నాడు: "అక్కా, గుంజు!" గిరక అంత వేగంగా తిరగడం నేను మళ్లీ చూడలేదు.

తర్వాత నవాబు ఏలుబడి పోయి సర్కారు మారిన ఏడు వచ్చింది. ఆ ఏడు ఎవరికీ కుదురు లేదు. తెల్లారకముందే బండ్లు కట్టుకుని కొందరు పట్నం పోతున్నారు, పట్నం నుంచి కొందరు తెల్లాపూర్ వైపు పోతున్నారు. ఎవరు ఎందుకు పోతున్నారో పోయేవాళ్లకే సరిగ్గా తెలియదు. అందరికీ మా సందే దారి. అత్త ఒక్కొక్కరినీ ఆపింది. "యాడికి" అని కాదు, "ఎప్పుడొస్తరు?" అని.

"ఏం చెప్తమవ్వా? పరేషాన్ల ఉన్నం. గుంజు."

"వచ్చినప్పుడు పిలవకుంట పోవద్దు మల్ల." ఆ మాట ఇప్పించుకుంటే గానీ గుంజేది కాదు. ఆ రోజుల్లో చీర లేకపోయినా తాడు తిరుగుతూ ఉండేది. ఉత్త తాడు కిటికీలోంచి గుండు దాకా, గుండు నుంచి కిటికీ దాకా. సెలవుల్లో వెళ్లి ఆ చప్పుడు వినలేక నేనే అడిగాను.

"ఏం ఆరేస్తున్నవ్ అత్తా? గాలినా?"

"మూడిండ్లోళ్లు ఇంకా రాలే," అంది. చేతులు ఆగలేదు.

"గిరకకన్న ఇంత ఆముదం పొయ్యి. చెవులు పోతున్నయ్."

"ఆముదం పోస్తే సప్పుడు పోతది. సప్పుడు పోతే నేనున్ననో లేనో మీకెట్ల తెలుస్తది?" అని, నా మొహం చూసి, "ఫికర్ వడకు. గోలెంలకైతే పోను," అంది.

ఆ మూడిళ్ల వాళ్లూ వచ్చారు. ఒక్కొక్కరే కింద నిలబడి పిలిచారు. ఒక్కొక్కరికీ ఆమె ఖాళీ తాడును గుంజి మర్యాద చేసింది.

ఇప్పుడు అత్త పోయిన ఆ పొద్దున సంగతి. చీర పిండి దండెం మీద నడిపించింది. కాసేపటికి పాలు పోసి వచ్చే ఆయన కింద నిలబడి "అవ్వా, గుంజు" అన్నాడు. గిరక తిరగలేదు. మళ్లీ పిలిచాడు. యాడికి అని కూడా ఎవరూ అడగలేదు. అప్పుడు భయపడి మా అమ్మను పిలిచాడు. అమ్మ పైకి పోయి చూస్తే అత్త కిటికీ పక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి తాడు మీదే ఉంది.

సైకిలు మీద ఒకరి తర్వాత ఒకరం తొక్కుకుంటూ మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. నేను పైకి పోయాను, కిందికి వచ్చాను, మళ్లీ పైకి పోయాను. నిలబడడానికి ఎక్కడా చోటు లేనట్టు అనిపించింది. ఆమెను మెట్ల మీదుగా దింపుతుంటే మా నాయన వెనక వస్తూ, "వద్దన్నా దింపుతున్నం గదక్కా," అన్నాడు. ఎవరికీ వినిపించకూడదనుకున్నాడు. అందరికీ వినిపించింది.

పాడె దర్వాజ దాటి సందులోకి వచ్చింది. నిప్పుకుండ పట్టుకుని నాయన ముందు, ఆయన పక్కన పటేలు. నాలుగడుగులు వేసి అందరం ఆగిపోయాం. తలల మీద అత్త చీర ఉంది. పొద్దున ఆమె ఆరేసిందే. హడావుడిలో ఎవరికీ తియ్యాలని తోచలేదు. రోజంతా మబ్బు, ఇంకా తడిగానే ఉంది.

ఎవరూ ముందుకు పోలేదు. ఊరి మగవాళ్లందరి కళ్లూ కిటికీ మీదికి పోయాయి. అలవాటు. పటేలు గొంతు సవరించుకుని దగ్గాడు.

నేను గుంజుదామని మెట్ల వైపు ఉరకబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. తలెత్తి, ఖాళీ కిటికీతో అన్నాడు:

"గుంజకక్కా. ఉండనియ్యి. ఇంకా ఆరలే."

అని తల వంచకుండా ఆ చీర కిందికి నడిచాడు. అంచు ఆయన తలరుమాలు మీదుగా రాసుకుంటూ పోయింది. ఆయన వెనక నాయన, నాయన వెనక పాడె, పాడె వెనక మేమందరం.

చెరువు కట్ట దాకా నేను పటేలు వెనకే నడిచాను. తెల్లటి రుమాలు మీద అరచేతంత తడి. ఆయన దాన్ని తుడుచుకోలేదు. మబ్బు రోజు కదా, కట్ట చేరినా అది ఆరలేదు.