నాలుగు మడతల దోమతెర

కొల్లేరు రోడ్డు మీద, రెండు వైపులా చేపల చెరువులు తప్ప ఇల్లన్నది కనిపించని చోట, కారులో వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకింది. ప్రమాదమని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. ఆ రోజుల్లో నాకు ప్రమాదాలు ముందే తెలిసిపోయేవి లెండి, కాకపోతే వాటిలో చాలావరకు లేనివే. బాబు రెండుసార్లు తుమ్మితే న్యుమోనియా, పాప అన్నం వదిలేస్తే కామెర్లు. మావారిది ఓడ మీద ఉద్యోగం. ఏలూరులో ఇద్దరు చిన్నపిల్లలతో నేనొక్కదాన్నే. భయపడడానికి బోలెడు తీరిక ఉండేది, ఆ భయం చెప్పుకోవడానికి మనిషి ఉండేవాడు కాదు.

ఆ కారు మా నాన్నగారిది. పొడుగు ముక్కు, పెద్ద ఇంజను. స్టార్టు చేస్తే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. నాన్నగారు పోయాక అన్నయ్య అమ్మేస్తానంటే ఏడ్చి తెచ్చుకున్నాను. "ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే పాత ఇనుము కొట్టుకే" అన్నాడు. సరేనన్నాను. (అప్పటికే రెండుసార్లు ఆగింది. వాడికి తెలిసింది ఒకటే.) ఆవేళ ముదినేపల్లిలో మేనత్తగారింటికి బయలుదేరాం. అన్నయ్య కూడా అక్కడే ఉన్నాడు.

పక్కకి తీసి ఆపాను. బానెట్టు సందుల్లోంచి ఆవిరి. మావారికి ఫోను చేస్తే "అందుబాటులో లేరు" అంది ఆవిడ. (ఆ ఏడాది నాతో ఎక్కువసార్లు మాట్లాడిన ఆడమనిషి ఆవిడే.) ఇక తాడేపల్లిగూడెంలో నాన్నగారి కారు చూసే మెకానిక్ బాబాయికి చేశాను.

"మూత ముట్టుకోకండమ్మా, మొహం కాలిపోద్ది. బాగా చల్లారనిచ్చి చెయ్యండి." చల్లారాక మళ్ళీ చేశాను. "నీళ్ళున్నాయా?" "ఉన్నాయండీ." "ఎక్కడన్నా కారతన్నాయా?" "లేదండీ." "బెల్టు?" "బిగుతుగానే ఉందండీ." "స్టార్టు చేసి చూడండి, ఫ్యాను తిరుగుతుందా?" "తిరుగుతోందండీ." "మరింకేం రోగం దీనికి?" అన్నాడు, నాకేదో తెలిసినట్టు.

చెరువు గట్టు మీద మేత బస్తా దింపి ఒకావిడ వచ్చి కారు ముందు నిలబడింది. "ఏవండీ, దీని మొహానికి ఇదేంటండీ?"

"దోమతెరండీ. చెరువుల మీద పురుగులు రేడియేటరులో ఇరుక్కోకుండా కట్టాను."

"మావోళ్ళూ కడతారండీ, ఒక్క పొర. మీరు నాలుగు మడతలేసి, పైన చీర కూడా చుట్టేశారు. ముక్కు మూసేసి పరిగెత్తమంటే ఎలాగండీ?"

"చీరా!" అని ఫోనులో బాబాయి అరిచాడు. "ఒక్క పొర చాలన్నాను కదమ్మా!"

"చాలదేమోనని భయమేసి..."

ఆవిడ వెనక సీట్లోకి తొంగిచూసింది. రెండేసి స్వెట్టర్లు, మంకీ క్యాపులు, వాటి మధ్య చెమటలు కారుతున్న రెండు ముక్కులు. "ఈళ్ళనీ అలాగే చుట్టేశారా అమ్మగారూ!" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు మధ్యలో ఎందుకో ఏడుపొచ్చింది. ఆవిడ నీళ్ళ మీది కొంగల్ని చూస్తూ నిలబడింది, నేను కళ్ళు తుడుచుకునేదాకా.

చీర, తెర విప్పేసి బయలుదేరాం. ముల్లు మెల్లగా మధ్యకి దిగి అక్కడే నిలిచింది. "చూశారా!" అన్నాను పక్కసీటు వైపు తిరిగి. అక్కడ టిఫిను సంచి ఉంది.

"ఆగిందా?" అన్నాడు అన్నయ్య గుమ్మంలోనే. "ఆగలేదు, నేనే ఆపాను" అన్నాను. ఆ మాట మీదే ఆ కారు ఈ రోజుకీ నా దగ్గరుంది. పిల్లలు ఇప్పుడు బడి బస్సెక్కితే వెనక్కి చూడరు. ఆ చీర మాత్రం డిక్కీలో ఉంది, దాన్ని చూస్తే అప్పటి నామీద నాకే జాలీ నవ్వూ కలిసి వస్తాయి.

ఆ ప్రయాణం మర్నాడు పొద్దున, మేనత్తగారింట్లో, మంచులో అలవాటు కొద్దీ పిల్లలిద్దరూ టోపీలు పట్టుకుని నా ముందుకొచ్చి తలలు వంచి నిలబడ్డారు. వాటిని తీసుకుని సంచిలో పెట్టేసి చెప్పాను: "చలేస్తే మీరే అడగండి, ఇస్తాను. వెళ్ళి ఆడుకోండి."