ముక్కు మేస్త్రి పదకొండు రోజులు

గిటారు చేతికిస్తే ముక్కు మేస్త్రిగారు చేత్తో చూడరు, ముక్కుతో చూస్తారు. తీగలు మీటి వినరు, బరువు చూడరు, కంపెనీ పేరు చదవరు. కళ్ళు మూసుకుని, గిటారు మెడ వచ్చి ఒంట్లో కలిసేచోట ముక్కు ఆనించి, వీధిలో గాలంతా అయిపోతుందేమో అన్నంత గట్టిగా పీలుస్తారు. ఆ తర్వాత ఒక్కటే మాట: "కొండ." ఆ ఒక్క మాట కోసం జనం ఆయన కొట్టు ముందు వరసలో నిలబడతారు.

కొండ అంటే ఏమిటో చెప్పాలి. ఆ ఎలక్ట్రిక్ గిటార్లు చేసే కంపెనీకి రెండు ఫ్యాక్టరీలున్నాయి. ఒకటి కొండ మీద, రెండోది ఓడరేవులో. నమూనా ఒకటే, రంగు ఒకటే, నెత్తిన పేరూ ఒకటే. కానీ కొండ ఫ్యాక్టరీది అంటే వాయించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. రేవు ఫ్యాక్టరీది అంటే మొహం అటు తిప్పుకుంటారు. ఏది ఎక్కడిదో తెలియాలంటే మెడకున్న మరలు విప్పి, లోపలి గుంటలో ముద్ర చూడాలి. కొండదైతే త్రికోణం, రేవుదైతే లంగరు. ఒకసారి మెడ విప్పితే మళ్ళీ ఆ మోత రాదని వాయించేవాళ్ళకి ఒక పిచ్చి భయం. అందుకే విప్పకుండా చెప్పే ముక్కుకి అంత గిరాకీ.

ఆ ముక్కుని నమ్మని మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఖర్మకాలి అతను మేస్త్రిగారి అల్లుడే. అతను ఒకప్పుడు చెక్కల కంపెనీలో తేమ కొలిచే ఉద్యోగం చేశాడు. కంపెనీ పోయినా కొలిచే మీటరు మాత్రం చొక్కా జేబులో ఉండిపోయింది. కొలవందే మంచినీళ్ళు కూడా తాగడని భార్య వేళాకోళం చేసేది. అతని నోట అబద్ధం రాదు. "చొక్కా బాగుందా?" అని ఎవరైనా అడిగితే, "బాగాలేదు" అని చెప్పి, ఎందుకు బాగాలేదో కూడా చెప్పేవాడు.

పెళ్ళి మాటలకి మొదటిసారి ఇంటికొచ్చిన రోజు అతనికి ఇప్పటికీ గుర్తే. ఆ వారమే ఉద్యోగం ఊడింది. కుర్చీ అంచున కూర్చుని చెమటలు తుడుచుకుంటుంటే, కాబోయే మామగారు ఏమీ అడగకుండా దగ్గరకొచ్చి, అతని భుజానికి ముక్కు ఆనించి దీర్ఘంగా పీల్చారు.

"కొండ!" అన్నారు లోపలికి వినబడేలా.

"అయితే కాఫీ పెడుతున్నా!" అంది వంటింట్లోంచి అత్తగారు.

సంబంధం అలా ఖాయమైపోయింది. పెళ్ళయ్యాక అతను ఆ కొట్టులోనే చేరాడు. ఆ రోజు నుంచీ ముక్కుకీ మీటరుకీ పడదు.

ఓ రోజు మఖమల్ పెట్టెలో గిటారు పెట్టుకుని ఒక ఆసామి వచ్చాడు. గిటారుకంటే పెట్టె మెరుస్తోంది, పెట్టెకంటే ఆసామి మెరుస్తున్నాడు.

"ఇది కొండదని నాకు తెలుసు. మీరు నలుగురి ముందూ చెబితే విందామని వచ్చాను" అన్నాడు.

మేస్త్రిగారు పీల్చారు. "కొండే."

ఆసామి మీసం దువ్వుకున్నాడు.

"కానీ ముక్కిపోయింది. కొన్నాక ఎన్నిసార్లు వాయించారు?"

ఆసామి మీసం మీంచి చెయ్యి తీసేశాడు. వరసలో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. అల్లుడు మీటరు తీసి పెట్టి చూశాడు. ముక్కిన జాడ ఏమీ లేదు. కానీ ఆసామి మాత్రం మర్నాటి నుంచీ సాధన మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది.

ఇంకో రోజు లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయి వచ్చింది. ఎడమచేతి చూపుడు వేలికి ప్లాస్టరు, చేతిలో పాత దుప్పటిలో చుట్టిన గిటారు.

"మేస్త్రిగారూ, అందరూ ఇది రేవు సరుకేనంటున్నారు. పన్నెండో రోజున బ్యాండు మాస్టరుగారి ముందు వాయించాలి. ఆయన బ్యాండులో ఒక్కటే ఖాళీ ఉంది. రేవు గిటారుని ఆయన స్టేజి మెట్టు కూడా ఎక్కనివ్వరట. మీరు కూడా రేవుదే అంటే అమ్మేసి, ఇస్త్రీ చేసుకుంటూ కూర్చుంటా."

మేస్త్రిగారు కళ్ళు మూసుకున్నారు. ఈసారి ఎంతసేపు పీల్చారంటే అల్లుడికి ఊపిరాడలేదు.

"కొండ."

"నిజంగానా?"

"కొండే తల్లీ. అందులోనూ ఉత్తరపు వాలు."

"మరి చెయ్యి పైకీ కిందకీ జరిపినప్పుడల్లా వేలు గీరుకుంటోందే?"

"కొండది కదా, కాస్త పొగరుంటుంది. పదకొండు రోజులు ఉంచి వెళ్ళు. వాసన తేలాలి. అందాకా మా కొట్టు గిటారు పట్టుకెళ్ళి వాయించుకో."

అమ్మాయి మొహం చాటంత చేసుకుని వెళ్ళింది. అల్లుడు మీటరు పెట్టి చూశాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"మామయ్యగారూ, కొండ చెక్కలో ఇంత తడా?"

"మంచు కురుస్తుంది కదండీ కొండ మీద."

"మరి ఆ పదకొండు రోజులేమిటి? ఎవరి గిటారు ఉంచమన్నా పదకొండు రోజులేనా?"

"ముక్కు నాది. లెక్క దానిది" అన్నారు మేస్త్రిగారు, గిటారుతో వెనకగదిలోకి నడుస్తూ.

వెనకగది అంటే కొట్టుకీ వంటింటికీ మధ్య ఉన్న చిన్న గది. అందులోకి ఎవరికీ ప్రవేశం లేదు. మామగారు అక్కడ నిద్రపోతారని అల్లుడి గట్టి నమ్మకం.

అయిదో రోజు మధ్యాహ్నం అత్తగారు పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి వెళ్ళింది. కాసేపటికి కొట్టులో కూర్చున్న అల్లుడికి దగ్గొచ్చింది. తర్వాత కళ్ళు మండాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. అతను ముక్కు మూసుకుని వెనకగది దాటబోతూ అక్కడే ఆగిపోయాడు.

మాడిన వాసన గుప్పుమంటున్న ఆ గదిలో మేస్త్రిగారు హాయిగా కూనిరాగం తీస్తూ చిన్న ఆకురాయితో ఏదో రుద్దుతున్నారు. పక్కన చెక్క బీరువాలో బల్బు వెలుగుతోంది.

"మామయ్యగారూ! పాలు!"

"ఏ పాలు?"

అల్లుడు పరుగెత్తి పొయ్యి ఆర్పి వచ్చాడు. అప్పుడు చూశాడు. బల్ల మీద లాండ్రీ అమ్మాయి గిటారు మెడ ఒకచోట, ఒళ్ళు ఒకచోట ఉన్నాయి. లోపలి గుంటలో అంత లంగరు.

"ఇది రేవుది!"

"మెల్లగా అనండి, వింటుంది" అన్నారు మేస్త్రిగారు, గిటారు వైపు చూస్తూ.

ఇంతలో అత్తగారు వచ్చి మాడిన గిన్నె చూసి తల పట్టుకుంది. "ఈయన్ని ఇంట్లో పెట్టి పాలు పొయ్యి మీద పెట్టడం నాదే బుద్ధి తక్కువ. వాసన పోయి ఇరవై ఏళ్ళవుతుంటే, ఇంకా మర్చిపోతుంటాను."

"ఎవరికి పోయింది?" అన్నాడు అల్లుడు.

"ఇంకెవరికి? మీ మామయ్యగారికే. రేవు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు రంగుల గదిలో చేశారు కదా, ఆ రంగులకి ముక్కు చచ్చిపోయింది. అగరొత్తికీ ఆముదానికీ తేడా తెలీదు. మీకు తెలుసనుకున్నానే!"

అల్లుడు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. మేస్త్రిగారు తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా ఆకురాయిని తిప్పితిప్పి చూస్తున్నారు.

"కొండ మీద చెక్కని తీరిగ్గా ఆరనిస్తారండీ" అన్నారు. "రేవులో గాలే తడి. దానికి తోడు ఓడ బయల్దేరే టైముకి సరుకు దిగాలి. మెడ చెక్క ఆరకముందే దానికి అడ్డంగా ఫ్రెట్లు, అదే ఆ ఇనుప కమ్మీలు, దిగ్గొడతారు. ఆ తర్వాత ఎండలు కాసే ఊరికి చేరగానే చెక్క ముడుచుకుంటుంది, ఇనుప కొసలు బయటికి పొడుచుకొస్తాయి. ఆ పిల్ల వేలు కోసుకున్నది వాటికే. పనివాళ్ళు చేతకానివాళ్ళు కారు, వాళ్ళకి టైమివ్వలేదంతే. ఆ మిగిలిపోయిన టైము నేనిస్తున్నా. బల్బు పెట్టి ఆరబెట్టి, కొసలు రుద్ది నునుపు చేస్తే పదకొండు రోజులు పడుతుంది."

"అదే మాట ఆ అమ్మాయితో చెప్పొచ్చుగా? కొండ అని అబద్ధమెందుకు?"

"రేవుదంటే భయపడుతూ వాయిస్తుంది. భయపడుతూ వాయిస్తే కొండ గిటారు కూడా అపశ్రుతే."

"అయినా సరే మామయ్యగారూ. నా అంతట నేను చెప్పను. కానీ ఎవరైనా అడిగితే మాత్రం ఉన్నదే చెబుతాను. అబద్ధం నా వల్ల కాదు."

"చెప్పండి. మీ నోటికి నేనడ్డం రాను" అన్నారు మేస్త్రిగారు.

అల్లుడు లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. అతనికి ఇప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. "అత్తయ్యగారూ, వాసన పోయి ఇరవై ఏళ్ళయితే, మరి ఆ రోజు నా భుజం..."

అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆ రోజు మీ మొహం మీరు చూసుకోవాల్సింది అల్లుడుగారూ! ఈయన ముక్కు దగ్గర పెట్టేది మనిషి మొహం దగ్గర్నుంచి చూడ్డానికే. కళ్ళు మూసినట్టే ఉంటాయి, ఒకటి తెరిచే ఉంటుంది."

 అల్లుడు ఆ సాయంత్రమంతా మీటరు జేబులోంచి తీయలేదు.

పన్నెండో రోజు లాండ్రీ అమ్మాయి వాయించింది. విన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారట. బ్యాండు మాస్టరు మాత్రం, "వేళ్ళు బాగున్నాయి. ఇక గిటారు సంగతి తేలాలి" అని అమ్మాయిని వెంటబెట్టుకుని తిన్నగా కొట్టుకొచ్చాడు. ఒక చంకలో అమ్మాయి గిటారు, ఇంకో చంకలో తన గిటారు.

"పన్నెండేళ్ళ కిందట నా గిటారు కొండదని ఈ ముక్కే చెప్పింది. అప్పట్నుంచీ నాకు ఎదురులేదు" అన్నాడు. "కానీ ముక్కు కూడా ముసలిదవుతుంది కదా! అందుకని, మోత పోతుందని భయమున్నా సరే, రెండూ విప్పి పక్కపక్కన పెట్టండి. నాది చూస్తే అసలు కొండ అంటే ఏమిటో ఈ అమ్మాయికీ తెలుస్తుంది. మేస్త్రిగారూ, మీరు కాదు. మీ అల్లుడు విప్పాలి. ఆయన అబద్ధమాడరని ఊరంతటికీ తెలుసు."

అల్లుడు మామగారి వైపు చూశాడు. లాండ్రీ అమ్మాయి దగ్గరకొచ్చి చూడ్డానికి భయపడి, రెండు చేతులూ గట్టిగా ముడుచుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. మేస్త్రిగారు పైకప్పు వైపు చూస్తున్నారు.

"విప్పేముందు చెప్పండి, నేను అటు తిరుగుతా" అన్నాడు బ్యాండు మాస్టరు. "నా గిటారు ఒళ్ళు విప్పుతుంటే చూడలేను." గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, ఆపరేషన్ గది బయట చుట్టంలా నిలబడ్డాడు.

అల్లుడు ముందు అమ్మాయిది విప్పాడు. తెలిసిందే, లంగరు. దాని కింద పెన్సిలుతో మామగారి రాత: "పదకొండు రోజులు." తర్వాత మాస్టరుది విప్పాడు. గుంటలో దుమ్ము పేరుకుంది. కిందున్న రాత మాసిపోయింది. అది చదవడానికి అల్లుడు మొహం బాగా దగ్గర పెట్టి, దుమ్ము ఊది, ఊపిరి పీల్చాడు.

అక్కడా లంగరే. అక్కడా అదే రాత: "పదకొండు రోజులు."

పన్నెండేళ్ళ కిందట ఈ మాస్టరు కూడా ఇలాగే వేలికి గుడ్డ చుట్టుకుని, మొహం వేలాడేసుకుని ఈ కొట్టు మెట్లెక్కాడన్నమాట. అల్లుడు తలెత్తి మామగారిని చూశాడు. మేస్త్రిగారు ఒక కన్ను మూశారు.

ఆ పీల్చిన చప్పుడు విని బ్యాండు మాస్టరు ఆత్రంగా అడిగాడు. "ఏమిటి? మీకూ వచ్చిందా ఈ విద్య? చెప్పండి! ఉన్నదున్నట్టు చెప్పండి!"

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "రెండూ ఒక్కచోటివే సార్. ఒకే ఫ్యాక్టరీ, ఒకే చేతులు. పిసరంత కూడా తేడా లేదు."

మాస్టరు గోడవైపు నుంచే రెండు చేతులూ పైకెత్తాడు. "నేననుకుంటూనే ఉన్నా! అమ్మాయీ, రేపట్నుంచి రిహార్సలుకి వచ్చెయ్. ముందు నాది బిగించండి బాబూ, దానికి చలేస్తుంది."

లాండ్రీ అమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియక మేస్త్రిగారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. వాళ్ళిద్దరూ వెళ్ళాక అల్లుడు నుదురు తుడుచుకున్నాడు.

"నేను అబద్ధమేమీ ఆడలేదు" అన్నాడు.

"ఒక్క ముక్క కూడా లేదు" అన్నారు మేస్త్రిగారు. "పీల్చడం మాత్రం ఇంకాస్త సాగదీయాలి. నేర్పిస్తా, రండి."

మామా అల్లుళ్ళిద్దరూ ఒకే గిటారు మీదికి వంగి, కళ్ళు మూసుకుని, పోటీపడి పీల్చడం మొదలుపెట్టారు. అదే సమయానికి వంటింట్లోంచి అత్తగారి కేక వినిపించింది.

"మళ్ళీ పాలు మాడ్చారూ! ఇంట్లో రెండు ముక్కులు పెట్టుకుని ఒక్కరికీ తెలీలేదా?"