పరదా వెనక్కి ఎవరూ వెళ్ళలేదు

ఆ రోజు ఆ పరదా వెనక్కి ఒక్కరు కూడా వెళ్ళలేదు. ఈ ఒక్క వాక్యాన్ని నేను రాయవలసిన చోట రాయలేదు, చెప్పవలసిన చోట చెప్పలేదు. దానివల్ల ఒక మనిషి ఇరవై ఏళ్ళకు పైగా చెడ్డపేరు మోసింది.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. విజయవాడలో పార్టీ ఆఫీసులో పూర్తికాలం పనిచేసేవాణ్ణి. ఉత్తరాలు, మినిట్స్ పుస్తకం, కరపత్రాలు, పార్టీ పత్రికకు వ్యాసాలు, అన్నీ నా చేతిమీదుగానే వెళ్ళేవి. ఒకే పార్టీ పాలిస్తున్న ఒక సోషలిస్టు దేశానికి మావాళ్ళు కొందరిని పంపినప్పుడు, తిరిగొచ్చి రాసేవాడు ఒకడుండాలి కాబట్టి నన్నూ పంపారు. ఆ దేశం పేరు రాయను. అక్కడ మాకు దుబాసీగా వచ్చిన అమ్మాయి ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. నా చేతకానితనానికి ఒకరు నష్టపోయింది చాలు.

మేం వెళ్ళిన వారంలోనే ఒక చిన్న పట్టణంలో స్థానిక ఎన్నికలు జరిగాయి. చూపిస్తామని తీసుకెళ్ళారు. బడి హాలు. గుమ్మం దగ్గర బ్యాండు వాయిస్తున్నారు. ఓటరు లోపలికి వచ్చి ఒక కాగితం తీసుకుంటాడు. ఎన్ని పదవులున్నాయో దానిమీద అన్నే పేర్లుంటాయి. సమ్మతమైతే కాగితం మడిచి నేరుగా పెట్టెలో వేసి వెళ్ళిపోవచ్చు. ఎవరి పేరైనా కొట్టేయాలనుకుంటే మాత్రం హాలు అవతలి చివర పరదా కట్టిన గదిలోకి వెళ్ళాలి. పెన్సిల్ అక్కడే ఉంటుంది. అక్కడికి పోవాలంటే అందరి కళ్ళముందూ హాలంతా దాటాలి. మేం గంటన్నర నిలబడ్డాం. పరదాకు ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి.

"అటు ఎవరూ పోరా?" అని దుబాసీని అడిగాను.

"పోతే ఎందుకు పోయావని అడుగుతారు కదా" అంది, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా.

తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కన కూర్చుని, మీ ఊళ్ళో మీ పార్టీ గెలుస్తుందా అని అడిగింది. గెలవడం తక్కువని, ఎక్కువసార్లు ఓడిపోతుంటామని కాస్త సిగ్గుపడుతూ చెప్పాను. ఆమె నావైపు తిరిగింది.

"ఓడిపోయాక కూడా మీ ఆఫీసు తెరిచే ఉంటుందా?"

ఉంటుందన్నాను.

ఇంటికొచ్చి పత్రికలో నాలుగు వారాలు రాశాను. ఎన్నికల గురించి రాసిన భాగంలో ఒక వాక్యం ఇది: 'రహస్యంగా ఓటు వేయదలచినవారి కోసం శుభ్రమైన పరదాతో ప్రత్యేకంగా ఒక గదిని ఏర్పాటు చేశారు.' అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నా పనితనం అదీ.

దాచమని నాకెవరూ చెప్పలేదు. అప్పటికే పదేళ్ళుగా పార్టీ తరగతుల్లో ఈ పాఠం చెబుతున్నాను. పార్టీ కార్మికులది. కార్మికులు తమకు తామే ఎదురు తిరగరు. కాబట్టి రెండో పార్టీ అక్కర్లేదు, కాగితం మీద రెండో పేరు అక్కర్లేదు. ఎవరైనా రెండో పేరు కావాలన్నారంటే వాళ్ళు కార్మికుల పక్షం కాదన్నమాట. ఈ లెక్కలో ఎక్కడా కన్నం కనబడేది కాదు. లోపలికి దారి ఉండేది, బయటికి ఉండేది కాదు. అందులో ఆ పరదా ఇమడలేదు. లెక్కను అనుమానించడం కన్నా పరదాను వదిలేయడం నాకు తేలికైంది.

ఆ వ్యాసం చదివి నన్ను అడిగిన ఒకే ఒక మనిషి గుణదల అక్క. అందరూ అలాగే పిలిచేవాళ్ళు. నాకంటే పదహారేళ్ళు పెద్ద. ఇంట్లో జాకెట్లు కుట్టేది. షాపులవాళ్ళు ఇచ్చే పనిమీద బతికే ఆడవాళ్ళను ఇంటింటికీ తిరిగి కూడగట్టి కుట్టుపనివాళ్ళ సంఘం పెట్టింది. ఆదివారం చర్చి మానేది కాదు, మీటింగూ మానేది కాదు. మావాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"పొద్దున ఆయన దగ్గరికి, సాయంత్రం మా దగ్గరికి. ఎవరు ముందు పలుకుతారని చూస్తున్నావక్కా?"

"ఇద్దరూ నా మాట వినట్లేదు గదరా. నేనే ఇద్దరి మాటా వింటన్నా."

కరపత్రాల కట్ట ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మంగళగిరి బట్టకు కాజాలు కుడుతూ, తలెత్తకుండానే అడిగింది. "ఆ పరదా సంగతి రాశావు గానీ తమ్ముడూ, దాన్లోకి ఎవరన్నా పోయారా?"

సూది ఆగింది. ఆమెకు అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. జరిగిందంతా చెప్పాను, దుబాసీ మాటలతో సహా. చెప్పాక గుండె తేలికైంది. "మన మధ్యనే ఉంచండక్కా" అన్నాను. ఆమె తల ఊపింది.

రెండు నెలల తర్వాత కంకిపాడులో రెండు రోజుల రాజకీయ తరగతులు పెట్టారు. ఖాళీగా ఉన్న ఒక మిల్లు షెడ్డులో చాపలు పరిచారు. ఆ దేశంలోని ప్రజాస్వామ్యం మీద పాఠం నాది. మా తరగతుల్లో ఒక పద్ధతి ఉండేది. ప్రశ్నలు చీటీల మీద రాసి పంపాలి, పేరు రాయనక్కర్లేదు. ఎవరూ మొహమాటపడకుండా అడగాలని పెట్టిన పద్ధతి. కానీ ఆఫీసు కాగితాలన్నీ చూసేవాణ్ణి కాబట్టి అందరి చేతిరాతలూ నాకు తెలుసు. ఆ మాట ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అసలు ఏ చీటీ చదవాలో, దేన్ని కిందికి నెట్టాలో చూసుకునేదీ నేనే.

మూడో చీటీ అక్కది. 'పరదా వెనక్కి ఎంతమంది పోయారు?' అని ఉంది. నా పేరు బయటపెట్టకుండానే, అందరి ముందూ నిజం చెప్పే వీలు నాకిచ్చింది. ఇది నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. ఆ క్షణంలో చీటీని అడుగుకు తోసి తర్వాతది చదివాను.

అన్నీ అయ్యాక అక్క లేచి నిలబడింది.

"నా చీటీ మిగిలిపోయింది."

"టైం అయిందక్కా."

"ఒక్క ముక్కే. పరదా వెనక్కి ఎవరన్నా పోయారా, పోలేదా?"

"అవసరమున్నవాళ్ళు వెళ్తారు" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. కుట్టు తప్పిన చోటును చూసినట్టు చూసింది. వేదిక మీదున్న మా జిల్లా నాయకుడు మైకు అందుకున్నాడు.

"ఎవరూ పోరని మీకెవరు చెప్పారమ్మా? ఏ పేపర్లో చదివారు?"

"పేపర్లో చదవలేదండి. ఒకరు చెప్పారు."

"ఎవరు?"

"పేరు చెప్పనండి."

నేను అక్కడే, ఆయనకు రెండడుగుల దూరంలో, చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

తరగతిలో శత్రుప్రచారం చేసిందని అక్క మీద విచారణ పెట్టారు. ఆత్మవిమర్శ రాసిస్తే సరిపోతుందన్నారు. దాన్ని తయారుచేసే పని నా మీద పడింది, చేతిరాత బాగుంటుందని. 'పెట్టుబడిదారీ పత్రికలో వచ్చిన కట్టుకథ నమ్మి తప్పు చేశాను' అని ఒక పేజీ రాసి, నేనే తీసుకెళ్ళాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నేను పేపర్లో చదివానా తమ్ముడూ?"

"సంతకం పెడితే అయిపోద్దక్కా. సంఘం మీ చేతిలోనే ఉంటది."

"కన్ఫెషన్‌కి చిన్నప్పట్నుంచీ పోతన్నా. ఫాదర్ గారు కూడా నేను చేసిన పాపాలే చెప్పమంటారు. రాసిచ్చి చదవమనరు."

కాగితం మడిచి నా జేబులో పెట్టింది. ఆ సంగతి తనకెవరు చెప్పారో పార్టీవాళ్ళకు చెప్పేస్తానని ఒక్కమాట బెదిరించి ఉంటే నేను ఏదో ఒకటి చేసేవాణ్ణేమో. ఆమె టీ ఇచ్చి పంపింది.

అక్కను పార్టీ నుంచీ సంఘం నుంచీ తొలగించాలన్న తీర్మానానికి ఇరవై రెండుమంది చేతులెత్తారు. అందులో నా చెయ్యి ఒకటి. వ్యతిరేకించేవాళ్ళు ఎవరని అడిగితే అక్క ఒక్కతే ఎత్తింది. "మీ సంగతే కాబట్టి మీ ఓటు లెక్కలోకి రాదమ్మా" అన్నాడు నాయకుడు. మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవంగా' అని రాశాను. రాస్తుంటే ఆ పరదా కట్టిన హాలు గుర్తొచ్చింది. మాకు పోలీసుల్లేరు, జైళ్ళు లేవు, ఒక వార్డు గెలవడమే గగనం. అధికారం చేతికొచ్చాక మనుషులు చెడిపోతారని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. అధికారం ఛాయలకు కూడా రాని ఆ గదిలో మేం చేసింది మరేమిటి?

అక్క చర్చివాళ్ళకు అమ్ముడుపోయిందని ఒకరన్నారు. ఫలానా పార్టీ వాళ్ళు కొన్నారని ఇంకొకరన్నారు. ఆమె పెట్టిన సంఘంలోని ఆడవాళ్ళే ఆమె ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. ఈ మాటలన్నీ నా ముందే నడిచాయి. నేను ఫైళ్ళు సర్దుకునేవాణ్ణి.

పార్టీని వదిలి ఎందుకు పోలేదని మీరడగవచ్చు. నా పెళ్ళి ఆ ఆఫీసు హాల్లోనే దండలు మార్చుకుని జరిగింది. అద్దెగది వాళ్ళు చూపించిందే. జబ్బు చేస్తే వెళ్ళే డాక్టరు పార్టీ డాక్టరే. నాకు పార్టీ బయట స్నేహితుడంటూ ఒక్కడు లేడు. నోరు తెరిచిన మర్నాడు నాతో మాట్లాడేవాడెవడా అని ఊహించుకుంటే ఒక్క ముఖమూ కనబడేది కాదు. పేదవాళ్ళకు న్యాయం జరగాలన్న మాట నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. దాంతోనే ఇరుక్కుపోయాను. ఆ మాటా, ఆ అబద్ధమూ ఒకే బట్ట రెండు అంచులనుకున్నాను. ఒకటి కత్తిరిస్తే రెండోదీ ఊడిపోతుందని భయం.

నిరుడు కుట్టుపనివాళ్ళ సంఘం పాతికేళ్ళ సభ పెడుతూ, ప్రత్యేక సంచికకు చరిత్ర రాయమని నన్నడిగారు. అక్క గురించి రెండు పేజీలు, కంకిపాడు సంగతితో సహా, రాసిచ్చాను. ఆ రెండు పేజీలూ వెనక్కి వచ్చాయి. "ఇప్పుడెందుకు సార్ ఇవన్నీ" అన్నాడు కొత్తగా వచ్చిన కార్యదర్శి, మర్యాదగానే.

ఆ పేజీలు తీసుకుని గుణదల వెళ్ళాను. అక్కకిప్పుడు డెబ్బై దాటాయి. చూపు తగ్గింది, మిషన్ అమ్మేసింది. చదివి వినిపించాను. క్షమించమన్నాను.

"బానే రాశావు. నీ రాతకేం" అంది. మళ్ళీ తనే, "నా చెవిలో చెప్తే ఏం లాభం నాయనా? నాకు తెలీందేం ఉంది ఇందులో? తెలీనోళ్ళకి చెప్పు" అంది.

"వాళ్ళు వెయ్యనన్నారక్కా."

"నీకు నోరు లేదా?"

సభ రోజు ఆమెనూ రమ్మన్నాను. వస్తుందనుకోలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చుంది. కొందరు పాత సభ్యులు చూసి తల తిప్పుకున్నారు. నాకు మాట్లాడే అవకాశం లేదు, కార్యక్రమంలో నా పేరు లేదు. వందన సమర్పణ అవుతుండగా లేచాను. "సార్, అయిపోయింది, కూర్చోండి" అని కార్యదర్శి మైకులో అంటున్నాడు. నాకు మైకు లేదు కాబట్టి గట్టిగా అరవాల్సి వచ్చింది.

"ఈ సంఘం పెట్టింది వెనక కూర్చున్న ఆ అక్క. ఆవిడని ఎవరూ కొనలేదు. ఆవిడ ఏ పేపర్లోనూ చదవలేదు. ఆ దేశం ఎన్నికల్లో పరదా వెనక్కి ఒక్కరూ పోలేదని ఆవిడకి చెప్పింది నేను. నేను చూసిందే చెప్పాను, అది నిజం. కంకిపాడులో అడిగితే మాట తప్పించాను. ఆవిడ నా పేరు చెప్పకుండా కాపాడితే, నేను ఆవిడ మీద చెయ్యెత్తాను. ఏకగ్రీవమని రాసింది కూడా నేనే. అది తప్పు రాత. అక్కా, మీ పేరు పాడు చేసింది నేను. ఇంతమంది ముందు అడుగుతున్నా, నన్ను క్షమించండి."